హిప్పో అగస్టీన్

అగస్టీన్ (నవంబరు 13, 354 - ఆగష్టు 28, 430) ఉత్తర ఆఫ్రికాకు చెందిన క్రైస్తవ వేదాంతి, తత్వవేత్త, హిప్పో నగరపు బిషప్పు. లాటిన్ భాషలో వ్రాసిన ప్రాచీన క్రైస్తవ రచయితలలో ఇతని ప్రభావం అందరికంటె విస్తృతమైనది. మోహం, శోధన, పాపం, మానవ సంకల్పం అనే విషయాలపై పశ్చిమ క్రైస్తవ సంఘాలు శతాబ్దాల తరబడి చెబుతూ వచ్చిన బోధలో అధిక భాగానికి ఇతని రచనలే ఆధారం. ఈ బోధ కేవలం గ్రంథ పఠనం వలన ఏర్పడినది కాదు. యవ్వనంలో వివాహం లేకుండా ఒక స్త్రీతో సుమారు పదిహేనేళ్ళు జీవించి, ఒక కుమారునికి తండ్రియై, చివరకు ఆమెను పంపివేసి, ఆ తరువాత సన్యాస జీవితాన్ని ఎంచుకొన్న వ్యక్తి తన అనుభవాన్ని దాచకుండా పరిశీలించగా ఏర్పడినది. రోమన్ కాథలిక్కులు, ఆంగ్లికన్లు, లూథరన్లు ఇతనిని పునీతునిగా స్మరిస్తారు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు కూడా గౌరవిస్తాయి గాని, జన్మపాపాన్ని గూర్చి ఇతడు చెప్పినదానిని యథాతథంగా అంగీకరించవు.

జననం, కుటుంబం

అగస్టీన్ రోమన్ సామ్రాజ్యంలోని నుమీడియా ప్రాంతంలో తగాస్తె అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం నేడు అల్జీరియా దేశంలో సూక్ అహ్రాస్ అనే పేరుతో ఉన్నది. తండ్రి పాట్రిషియస్ కొద్దిపాటి భూమి కలిగిన పట్టణ సభ సభ్యుడు. అతడు పాత రోమన్ దేవతలను కొలిచేవాడు. మరణానికి కొంత కాలం ముందు మాత్రమే క్రైస్తవుడయ్యాడు. తల్లి మోనికా చిన్ననాటి నుండి క్రైస్తవురాలు. అగస్టీన్‌కు నవీగియస్ అనే సోదరుడు, ఒక సోదరి ఉండేవారు.

శిశువుగా ఉన్నప్పుడు అగస్టీన్‌కు శిలువ గుర్తు వేసి, ఉప్పు రుచి చూపి క్రైస్తవ సంఘంలో చేరగోరేవారి వరుసలో చేర్చారు. అయితే బాప్తిస్మం ఇవ్వలేదు. బాల్యంలో ఒకసారి తీవ్రమైన కడుపునొప్పితో ప్రాణం మీదికి వచ్చినప్పుడు తానే బాప్తిస్మం కోరాడు. తల్లి ఏర్పాట్లు చేస్తుండగానే కోలుకొన్నాడు, కార్యం వాయిదా పడింది. బాప్తిస్మం తరువాత చేసిన పాపం మరింత ఘోరమైనదనే నమ్మకం ఆ కాలంలో బలంగా ఉండేది. కనుక యవ్వనపు ఉద్రేకాలు గడిచే వరకు ఆగడం చాలా కుటుంబాలలో వాడుక. కుర్రవాడు ఎలాగూ తప్పు చేస్తాడని పెద్దలు ముందే అంగీకరించిన ఈ ధోరణిని అగస్టీన్ తరువాతి కాలంలో గట్టిగా విమర్శించాడు. గాయం మానలేదు గనుక ఇంకొంత గాయపడనివ్వమని ఏ వైద్యుడూ చెప్పడన్నది అతని వాదన.

విద్యాభ్యాసం, పదహారవ ఏడు

తగాస్తెలో ప్రాథమిక విద్య ముగించి సమీపంలోని మదౌరా పట్టణంలో వ్యాకరణం, సాహిత్యం చదివాడు. లాటిన్ కావ్యాలంటే, ముఖ్యంగా వర్జిల్ కావ్యమంటే ప్రీతి. గ్రీకు భాష మాత్రం ఒంటబట్టలేదు. బెత్తం దెబ్బలతో నేర్పిన చదువు మీద అతనికి కలిగిన విముఖత జీవితాంతం నిలిచింది. తూర్పు క్రైస్తవ రచయితలను మూలంలో చదివే అలవాటు లేకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పదహారవ ఏట పై చదువులకు తండ్రి వద్ద సొమ్ము లేక ఒక సంవత్సరం ఇంటి వద్దనే ఖాళీగా ఉండవలసి వచ్చింది. అగస్టీన్ జీవితంలో మోహం అనే సమస్య ప్రారంభమైనది ఇక్కడే. స్నానశాలలో కుమారుని శరీరంలో యవ్వన లక్షణాలను గమనించిన పాట్రిషియస్ త్వరలో మనుమలు కలుగుతారని సంతోషించి భార్యకు చెప్పాడు. మోనికా భయపడి, కుమారుని ఒంటరిగా పిలిచి, వ్యభిచారం చేయవద్దని, అన్నింటికంటె ముఖ్యంగా పరుల భార్య జోలికి పోవద్దని హెచ్చరించింది. అది ఆడవారి మాటగా తలచి అతడు లక్ష్యపెట్టలేదు. పెళ్ళి చేస్తే చదువు, పదవి దెబ్బతింటాయని తల్లిదండ్రులిద్దరూ వివాహ ప్రయత్నం చేయలేదు. చదువు కోసం పెళ్ళిని ఆపిన తల్లిని కూడా అగస్టీన్ తన గ్రంథంలో మృదువుగా తప్పుపట్టడం గమనించదగినది.

ఆ రోజులలో తోటి కుర్రవాళ్ళు తాము చేసిన తప్పుడు పనులను గొప్పగా చెప్పుకొనేవారు. వారి ముందు చిన్నబోకుండా ఉండటానికి అగస్టీన్ తాను చేయని పనులను కూడా చేసినట్లు కల్పించి చెప్పేవాడు. ఒక రాత్రి మిత్రులతో కలిసి పొరుగువారి తోటలో బేరికాయలు దొంగిలించి, పందులకు పారవేశారు. ఆకలి లేదు, అవసరం లేదు, ఇంతకంటె మంచి కాయలు తమ ఇంటనే ఉన్నాయి. పిల్లచేష్టగా కొట్టివేయదగిన ఈ సంఘటనకు అగస్టీన్ అనేక పుటలు కేటాయించాడు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసి ఉండేవాడు కాదని గుర్తించి, మనిషిని శోధనలోకి లాగేది వస్తువు మీది ఆశ మాత్రమే కాదని, నలుగురిలో సిగ్గులేనివాడుగా కనిపించకపోతే సిగ్గుపడే స్థితి కూడా శోధనేనని నిర్ణయించాడు.

కార్తేజ్ నగరం, పేరులేని సహచరి

రొమానియానస్ అనే సంపన్నుని సహాయంతో సుమారు 370-371లో అలంకార శాస్త్రం చదవడానికి కార్తేజ్ నగరం చేరాడు. నాటక ప్రదర్శనలు, స్నేహాలు, ప్రేమ వ్యవహారాలు అతనిని ఆకర్షించాయి. కొద్ది కాలానికే ఒక స్త్రీతో సహజీవనం ప్రారంభమైంది. సుమారు 372లో వారికి కుమారుడు జన్మించాడు. అతనికి అదియోదాతుస్ అని పేరు పెట్టారు. దేవుడిచ్చినవాడు అని దీని అర్థం.

ఈ స్త్రీ పేరు అగస్టీన్ ఎక్కడా వ్రాయలేదు. తెలుగులో ఉంపుడుగత్తె అనే మాట వాడితే ఆమె స్థితి సరిగా తెలియదు. రోమన్ సమాజంలో అంతస్తు తక్కువైన స్త్రీతో విధిగా వివాహం చేసుకోలేని, లేదా చేసుకోదలచని పురుషుడు ఇట్లు ఒకే స్త్రీతో కాపురం చేయడం ఆచారంలో ఉన్నది. చట్టం దానిని నేరంగా చూడలేదు. భార్య లేనివాడు ఒకే సహచరితో ఉంటే అతనిని ప్రభురాత్రి భోజన సంస్కారం నుండి వెలివేయరాదని 400లో స్పెయిన్ దేశంలోని టొలెడో నగరంలో జరిగిన క్రైస్తవ సభ కూడా నిర్ణయించింది. అగస్టీన్ తాను ఆ కాలమంతా ఆమెకు నమ్మకంగా ఉన్నానని చెప్పుకొన్నాడు. సంతానం కోసం చేసుకొనే వివాహానికి, కోరిక తీరడం కోసం కుదుర్చుకొనే ఇటువంటి ఒప్పందానికి గల తేడాను ఈ అనుభవం వలననే తెలుసుకొన్నానని, అటువంటి బంధంలో కోరకుండా పుట్టిన బిడ్డ కూడా పుట్టిన తరువాత తనను ప్రేమించేలా చేసుకొంటాడని వ్రాశాడు.

పంతొమ్మిదవ ఏట సిసిరో రచించిన హోర్టెన్సియస్ అనే గ్రంథం చదివాడు. ఇప్పుడు ఆ గ్రంథంలో కొన్ని భాగాలు మాత్రమే లభ్యమవుతున్నాయి. జ్ఞానాన్వేషణకై సుఖాలను విడువమనే ఆ బోధ అతనిని కదిలించింది. కాని బైబిలు చదివి చూస్తే దాని లాటిన్ శైలి మొరటుగా తోచింది. అప్పుడు మానికీయ మతం వైపు తిరిగాడు.

మానికీయ మతం

మూడవ శతాబ్దంలో పర్షియా సామ్రాజ్యంలో మానీ అనే ప్రవక్త స్థాపించిన ఈ మతం ప్రకారం విశ్వంలో వెలుగు, చీకటి అనే రెండు అనాది శక్తుల మధ్య యుద్ధం జరుగుతున్నది. శరీరం చీకటి పదార్థం. ఆత్మ దానిలో చిక్కుకొన్న వెలుగు తునక. ఎన్నుకోబడినవారు అనే పై తరగతి సభ్యులు మాంసం, మద్యం, స్త్రీ సాంగత్యం పూర్తిగా విడిచిపెట్టేవారు. శ్రోతలు అనే క్రింది తరగతివారు సంసారంలో ఉండవచ్చు గాని, పిల్లలను కనడం మంచిది కాదు. ప్రతి బిడ్డ పుట్టుకతో మరికొంత వెలుగు శరీరంలో బందీ అవుతుందని వారి నమ్మకం.

అగస్టీన్ తొమ్మిదేళ్ళపాటు శ్రోతగా ఉన్నాడు. ఈ మతం తనకు ఎందుకు సుఖంగా ఉండేదో తరువాత నిష్పక్షపాతంగా విశ్లేషించుకొన్నాడు. తప్పు చేసినది తాను కాదు, తనలోని మరొక స్వభావం అనుకొనే వీలు అందులో ఉంది. మోహానికి లొంగినా అపరాధ భావం ఉండదు. చివరికి ఆ మత పండితుడైన ఫౌస్టస్‌ను కలిసి, ఖగోళ విషయాలలో తన సందేహాలకు సమాధానం లేదని గ్రహించి నిరుత్సాహపడ్డాడు. ఫౌస్టస్ తెలియని విషయం తెలియదని ఒప్పుకోవడం మాత్రం అతనికి నచ్చింది.

మిలాను

383లో రోము నగరానికి వెళ్ళి, మరుసటి సంవత్సరం మిలానులో ప్రభుత్వ అలంకార శాస్త్ర ఆచార్యునిగా నియమితుడయ్యాడు. అప్పుడు చక్రవర్తి నివాసం మిలానులోనే ఉండేది. అక్కడి బిషప్పు అంబ్రోస్ ప్రసంగాలను మొదట శైలి కోసం విన్నాడు. పాత నిబంధన కథలకు అంబ్రోస్ చెప్పే అంతరార్థం క్రమంగా అతని అభ్యంతరాలను తొలగించింది. నవ్య ప్లేటోవాదుల గ్రంథాల లాటిన్ అనువాదాలు చదివిన తరువాత చెడు అనేది స్వతంత్ర పదార్థం కాదని, మంచి లోపించడమే చెడు అని గ్రహించాడు. దీనితో మానికీయ సిద్ధాంతం పునాది కూలింది. కాని బుద్ధి అంగీకరించిన దానిని జీవితం అంగీకరించలేదు.

అప్పటికి మోనికా మిలాను చేరి కుమారునికి మంచి సంబంధం కుదిర్చింది. వధువుకు చట్టబద్ధమైన వివాహ వయసు రావడానికి ఇంకా రెండేళ్ళు ఉన్నది. రోమన్ చట్టం ప్రకారం ఆ వయసు పన్నెండు. అంటే ఆమె సుమారు పదేళ్ళ బాలిక. ఈ వివాహానికి అడ్డుగా ఉన్నదని పదిహేనేళ్ళు తోడుగా ఉన్న సహచరిని ఆఫ్రికాకు తిప్పి పంపారు. ఇక ఏ పురుషునీ ఎరుగనని మొక్కుకొని, కుమారుని తండ్రి వద్ద విడిచి ఆమె వెళ్ళిపోయింది. హృదయం కోతపడి రక్తం కారినంత బాధ కలిగిందని అగస్టీన్ వ్రాశాడు. అంత వ్రాసినవాడే రెండేళ్ళు ఆగలేక మరొక స్త్రీని చేరదీశాడు. తాను వివాహాన్ని ప్రేమించినవాడు కాదని, మోహానికి బానిసనని ఆ సందర్భంలో తనకు తానే తీర్పు చెప్పుకొన్నాడు. ఆమె చూపిన నిగ్రహం తాను చూపలేకపోయానని కూడా ఒప్పుకొన్నాడు. అయినా ఆమె తరువాతి జీవితం గురించి ఒక్క మాటయినా అతని రచనలలో లేదు. అగస్టీన్ చరిత్రలో ఇది సమర్థించడానికి వీలులేని ఘట్టం.

తోటలో సంఘటన

యవ్వనారంభంలోనే అగస్టీన్ పవిత్రతను ప్రసాదించమని దేవుని ప్రార్థించేవాడట. అయితే వెంటనే ఇవ్వవద్దని కూడా కోరుకొనేవాడట. వ్యాధి త్వరగా నయమై పోతుందేమోనన్న భయం అది. 386 నాటికి ఈ వాయిదా భరించరానిదైనది. అలవాటు ఎట్లా ఏర్పడుతుందో అతడు చేసిన వర్ణన మనస్తత్వ శాస్త్ర విద్యార్థులు కూడా చదువదగినది. దారి తప్పిన సంకల్పం నుండి మోహం పుడుతుంది. మోహానికి లొంగగా లొంగగా అలవాటు అవుతుంది. అలవాటును ఎదిరించకపోతే అది అవసరంగా మారుతుంది. ఒకదానికొకటి తగిలించిన ఈ లంకెలే గొలుసు. ఆ గొలుసు ఇతరులెవరో వేసినది కాదు.

ఆ సంవత్సరం ఆగష్టులో పోంటిసియానస్ అనే ఆఫ్రికా దేశస్థుడు ఇంటికి వచ్చి, ఈజిప్టు ఎడారి సన్యాసి ఆంథొనీ కథను, ఆ కథ చదివి ఉద్యోగాలు విడిచిన ఇద్దరు రాజోద్యోగుల వృత్తాంతాన్ని చెప్పాడు. చదువులేనివారు ముందుకు పోతుండగా తాము పాండిత్యంతో బురదలో పొర్లుతున్నామని అగస్టీన్ మిత్రుడు అలీపియస్‌తో వాపోయి తోటలోకి వెళ్ళాడు. అక్కడ అతనిని ఆశ్చర్యపరచిన విషయం ఒకటి ఉన్నది. చేతిని కదలమని మనసు ఆజ్ఞాపిస్తే చేయి వెంటనే కదులుతుంది. మనసు తనను తానే ఆజ్ఞాపిస్తే మాత్రం లోబడదు. దీనికి కారణం రెండు స్వభావాలు కావని, ఒకే సంకల్పం పూర్తిగా కోరకుండా చీలిపోవడమేనని అతడు తేల్చాడు. మానికీయులకు ఇచ్చిన సమాధానం ఇదే.

పాత అలవాట్లు వస్త్రం పట్టుకొని లాగుతూ, తమను విడిచి బ్రతకగలవా అని గుసగుసలాడుతున్నట్లు తోచింది. దుఃఖంతో ఒక అంజూరపు చెట్టు క్రింద కూలబడ్డాడు. పొరుగింటి నుండి తీసి చదవమని పదే పదే పాడుతున్న పిల్లల గొంతు వినబడింది. పౌలు పత్రికల గ్రంథం తెరచి కంటబడిన వాక్యం చదివాడు. అది రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయంలో త్రాగుబోతుతనం, కామవిలాసం, కలహం విడిచి క్రీస్తును ధరించుకొనమని చెప్పే 13, 14 వచనాలు. అక్కడితో సందేహం తీరింది. అలీపియస్ కూడా అతనితో చేరాడు. అగస్టీన్ ఉద్యోగాన్ని, నిశ్చయమైన వివాహాన్ని విడిచిపెట్టాడు. 387 ఏప్రిల్ 24-25 రాత్రి ఈస్టరు జాగరణలో అగస్టీన్, అలీపియస్, అదియోదాతుస్ ముగ్గురికీ అంబ్రోస్ బాప్తిస్మం ఇచ్చాడు.

ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో రోము సమీపంలోని ఓస్టియా రేవులో మోనికా తన 56వ ఏట మరణించింది. 388లో తగాస్తె చేరి మిత్రులతో ఆశ్రమ జీవితం ప్రారంభించాడు. గురువును గూర్చి అనే సంభాషణ గ్రంథంలో తండ్రితో చర్చించిన అదియోదాతుస్ ఆ తరువాత కొద్ది కాలానికే యవ్వనంలోనే చనిపోయాడు.

హిప్పో బిషప్పు

391లో హిప్పో నగరానికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రజలు బలవంతంగా పట్టుకొని బిషప్పు వలేరియస్ చేత గురువుగా అభిషేకం చేయించారు. 395-396లో బిషప్పు అయ్యాడు. ఈ నగరం నేటి అల్జీరియాలోని అన్నాబా. బిషప్పు గృహాన్నే మఠంగా మార్చి గురువులతో ఉమ్మడి జీవితం గడిపాడు. శిష్యుడు పొసీడియస్ వ్రాసిన జీవిత చరిత్ర ప్రకారం ఆ ఇంట స్త్రీలెవరూ, సొంత సోదరి కూడా, నివసించేవారు కాదు. భోజనం సాదా కూరగాయలు. అతిథులు, రోగులు ఉన్నప్పుడు మాంసం కూడా ఉండేది. ద్రాక్షరసం ఎప్పుడూ ఉండేది. పరోక్షంలో ఇతరులను నిందించేవారికి ఈ బల్ల వద్ద చోటు లేదనే అర్థం వచ్చే పద్యం భోజనశాలలో వ్రాయించాడు. దానిని మరచిన తోటి బిషప్పులను సైతం గద్దించాడట.

శోధనలో మూడు మెట్లు

కొండమీది ప్రసంగంపై తొలి రోజులలో వ్రాసిన వ్యాఖ్యానంలో మత్తయి సువార్త 5వ అధ్యాయంలోని మోహపు చూపు గురించిన బోధను అగస్టీన్ వివరించాడు. చూపు తగిలినంత మాత్రాన పాపం కాదు. మోహించే ఉద్దేశంతో చూడటం పాపం. ఈ తేడాను స్పష్టం చేయడానికి శోధనను మూడు మెట్లుగా విభజించాడు. మొదటిది స్ఫురణ, అంటే జ్ఞాపకం వలన గాని ఇంద్రియాల వలన గాని ఒక ఆలోచన కలగడం. రెండవది దానిలో ఆనందం కలగడం. మూడవది మనసు సమ్మతించడం. ఆదికాండంలోని కథలో సర్పం స్ఫురణకు, హవ్వ ఆనందానికి, ఆదాము సమ్మతికి సంకేతాలు. సమ్మతి కలిగినప్పుడే పాపం పూర్తి అవుతుంది, చేత చేయకపోయినా సరే.

పాపానికి కూడా మూడు స్థితులు చెప్పాడు. హృదయంలో జరిగినది, క్రియలో జరిగినది, అలవాటుగా మారినది. యేసు బ్రతికించిన ముగ్గురు మృతులను వీటికి పోల్చాడు. యాయీరు కుమార్తె ఇంటిలోనే మృతి చెందింది. నాయీను గ్రామ విధవరాలి కుమారుని ఊరి గవిని దాటించి తీసుకుపోతున్నారు. లాజరు సమాధిలో నాలుగు రోజులు ఉన్నాడు. మూడవ స్థితి కష్టమైనదే గాని ఆశ లేనిది కాదని ఈ పోలిక భావం. క్రైస్తవ ప్రసంగీకులు నేటికీ ఈ ఉపమానాన్ని ఉపయోగిస్తారు. మధ్యయుగంలో పాపసంకీర్తనం వినే గురువులకు ఈ మూడు మెట్ల విభజన ఎంతో ఉపకరించింది. మనసులో చెడు తలంపు వచ్చిందనే భయంతో కుమిలిపోయేవారికి, తలంపు వేరు సమ్మతి వేరు అని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

కన్ఫెషన్స్ పదవ భాగం

సుమారు 397-401 మధ్య రచించిన కన్ఫెషన్స్ గ్రంథంలో 13 భాగాలు ఉన్నాయి. మొదటి తొమ్మిది భాగాలు గత జీవితం. పాఠకులు సాధారణంగా అక్కడితో ఆపివేస్తారు. అయితే పదవ భాగమే విలక్షణమైనది. బిషప్పు హోదాలో ఉన్నవాడు, మారుమనస్సు పొంది పదేళ్ళు దాటినవాడు, ఇప్పుడు తన స్థితి ఏమిటో ఇందులో లెక్క చెప్పాడు. యోహాను మొదటి పత్రికలో పేర్కొన్న శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం అనే మూడింటిని వరుసగా తీసుకొన్నాడు.

మేలుకొని ఉండగా జయించిన పాత రూపాలు స్వప్నంలో వచ్చి తనను లొంగదీస్తున్నాయని, నిద్రలో ఉన్నది తాను కాదా అని ప్రశ్నించుకొన్నాడు. ఆహారాన్ని మందు వలె తీసుకోవాలని నేర్చుకొన్నా, ఆకలి తీరే దారిలోనే రుచి అనే ఉచ్చు పొంచి ఉన్నదన్నాడు. ఆరోగ్యానికి ఎంత అవసరమో తేలని చోట ఆ అనిశ్చయాన్నే మనసు సాకుగా వాడుకొంటుందట. ఆలయ గానంలో అర్థం కంటె స్వరం తనను ఎక్కువగా కదిలించినప్పుడు తప్పు చేసినట్లు భావించాడు. కాని క్రొత్తగా క్రైస్తవుడైన రోజులలో ఆ పాటలు విని కార్చిన కన్నీరు గుర్తుకు వచ్చి సంగీతాన్ని నిషేధించలేకపోయాడు. నేత్రాశ అంటే ఇక్కడ అందమైన వస్తువులపై కోరిక మాత్రమే కాదు, నిష్ప్రయోజనమైన కుతూహలం కూడా. బల్లి ఈగను పట్టడం, సాలెపురుగు తన వలలో చిక్కినదానిని చుట్టడం చూస్తూ కూర్చుండిపోవడం కూడా ఈ జాబితాలో ఉన్నది. అన్నింటిలో కష్టమైనది మూడవది. పొగడ్త మీద కోరిక ఉన్నదో లేదో పరీక్షించుకోవాలంటే, ధనం వలె దానిని వదులుకొని చూడటానికి వీలులేదు. మంచిగా జీవించేవానికి పొగడ్త తప్పదు. కీర్తిని తృణీకరించానని గర్వించడం కూడా కీర్తికాంక్షే.

వివాహం గురించి

నాల్గవ శతాబ్దం చివర రోములో జోవినియన్ అనే సన్యాసి, కన్యాత్వం వివాహం కంటె గొప్పదేమీ కాదని బోధించాడు. అతనిని ఖండించబోయి జెరోమ్ వివాహాన్నే చులకన చేశాడు. అగస్టీన్ సుమారు 401లో వివాహంలోని మేలు అనే చిన్న గ్రంథం వ్రాసి మధ్యేమార్గం చూపాడు. సంతానం, పరస్పర విశ్వాసం, విడదీయరాని పవిత్ర బంధం అనే మూడూ వివాహంలోని మేళ్ళు. బిడ్డలు లేకపోయినా, వయసు మళ్ళినా భార్యాభర్తల స్నేహం వివాహమే. సంతానాపేక్ష లేని దాంపత్య సుఖం క్షమించదగిన స్వల్పదోషం అని కూడా చెప్పాడు. ఈ ఆఖరి మాట తరువాతి తరాల గృహస్థులకు ఎంతో అపరాధ భావం మిగిల్చింది. కాథలిక్ సంఘ వివాహ బోధలో నేటికీ ఆ మూడు మేళ్ళే పునాది.

రోము పతనం, చెరచబడిన స్త్రీలు

410 ఆగష్టులో అలరిక్ నాయకత్వంలో విసిగోతులు రోము నగరాన్ని కొల్లగొట్టారు. అనేకమంది స్త్రీలు, వారిలో దీక్ష పూనిన కన్యలు కూడా, అత్యాచారానికి గురయ్యారు. కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. ప్రాణత్యాగం చేయని స్త్రీలను అన్యమతస్థులు ఎగతాళి చేశారు. 413లో ప్రారంభించి 426-427 నాటికి 22 భాగాలుగా ముగించిన దేవుని పట్టణం గ్రంథం మొదటి భాగంలోనే అగస్టీన్ ఈ విషయం చర్చించాడు. శీలం మనసుకు చెందిన గుణం, సమ్మతించని మనసును ఇతరుల మోహం మైలపరచలేదు, నేరం చెరచినవానిదే కనుక ఆమె తనను తాను శిక్షించుకోవలసిన పనిలేదు అని స్పష్టం చేశాడు. రోమనులు పతివ్రతగా కీర్తించే లుక్రీషియా ఉదంతాన్ని తీసుకొని, ఆమె నిర్దోషి అయితే నిర్దోషిని చంపడం ఎందుకు కీర్తించాలని ప్రశ్నించాడు. శోధన విషయంలో సమ్మతికి ఇచ్చిన ప్రాధాన్యమే ఇక్కడ బాధితుల పక్షాన నిలిచింది. ఆ చర్చలోనే సమ్మతి ఏమైనా ఉన్నదేమోనన్న అనుమానాలకు కొంత తావిచ్చాడని ఆధునిక విమర్శకులు ఆక్షేపించారు.

అదే గ్రంథం 14వ భాగంలో మోహానికి మూలం వెదికాడు. శరీరమే చెడ్డదన్న వాదాన్ని అంగీకరించలేదు. సాతానుకు శరీరం లేదు, అయినా గర్వం, అసూయ ఉన్నాయి గదా అన్నది అతని యుక్తి. ఆదాము మొదటి తప్పు కామం కాదు, గర్వంతో కూడిన అవిధేయత. దేవునికి లోబడని మనిషికి తన శరీరమే లోబడకపోవడం దానికి తగిన శిక్ష. పతనానికి ముందు శరీరం సంకల్పానికి లోబడి ఉండేదని చెప్పడానికి, చెవులు కదిలించగలిగే మనుషుల వంటి వింత ఉదాహరణలు ఇచ్చాడు. లాటిన్‌లో లిబిడో, కాంకుపిసెంతియా అనే పదాలను అతడు స్త్రీపురుష వాంఛకే పరిమితం చేయలేదు. పగ తీర్చుకొనే ఆశ, ధనాశ, గెలుపు మీద ఆశ, ఇతరులను ఏలాలనే ఆశ అన్నీ ఇందులోకి వస్తాయి. తెలుగు పాఠకులకు పరిచయమైన అరిషడ్వర్గాలలో మొదటిదైన కామంతో మాత్రమే దీనిని పోల్చితే సరిపోదు. రోము సామ్రాజ్య విస్తరణనే ఏలుబడి వ్యామోహంగా అతడు చిత్రించాడు.

పెలేజియస్, జూలియన్‌లతో వివాదం

బ్రిటన్ నుండి వచ్చి రోములో స్థిరపడిన పెలేజియస్ నియమనిష్ఠలు కలిగిన బోధకుడు. మనిషి తలచుకొంటే పాపం చేయకుండా ఉండగలడని, ఆదాము తప్పు తరువాతివారికి చెడ్డ ఉదాహరణ మాత్రమేనని బోధించాడు. దేవుడు ఆజ్ఞాపించినదానిని చేసే శక్తి కూడా ఆయనే ఇవ్వాలనే కన్ఫెషన్స్ లోని ప్రార్థన పెలేజియస్‌కు ఆగ్రహం కలిగించింది. మనిషిని సోమరిని చేసే మాటగా అతనికి తోచింది. తోటలో తన సంకల్పం ఎట్లా విఫలమైనదో మరువని అగస్టీన్‌కు, కృప లేకుండా నిగ్రహం సాధ్యమనడం అనుభవ విరుద్ధం. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ బోధను ఖండించింది.

ఆ ఖండనపై సంతకం చేయ నిరాకరించి పదవి కోల్పోయినవారిలో దక్షిణ ఇటలీలోని ఎక్లానం బిషప్పు జూలియన్ ఒకడు. వివాహితుడు, మంచి తార్కికుడు. కామం దేవుడు సృష్టించిన సహజ శక్తి అని, మితిమీరితేనే దోషమని, అగస్టీన్ ఇంకా మానికీయుడేనని వాదించాడు. వివాహం, మోహం అనే గ్రంథం, జూలియన్‌కు వ్యతిరేకంగా అనే గ్రంథం వ్రాసి అగస్టీన్ జవాబిచ్చాడు. వివాహం మంచిదే, మోహం వ్యాధి, మంచి భర్త ఆ చెడును మంచికి వినియోగిస్తాడు, బాప్తిస్మం దాని దోషాన్ని తీసివేస్తుంది గాని పోరాటం మరణం వరకు ఉంటుంది అని అతని సమాధాన సారాంశం. జన్మపాపం మోహం ద్వారా తరతరాలకు సంక్రమిస్తుందనే వాదనను ఈ వేడిలో మరింత బిగించాడు. వృద్ధుడైన అగస్టీన్ కంటె మధ్యవయస్కుడైన అగస్టీన్ ఈ విషయంలో సమతూకం గలవాడని చెప్పవచ్చు. జూలియన్ మీద వ్రాస్తున్న చివరి గ్రంథం అసంపూర్ణంగా మిగిలిపోయింది.

మరణం, తరువాతి చరిత్ర

429లో వాండల్ జాతివారు స్పెయిన్ నుండి ఆఫ్రికాలో ప్రవేశించి, మరుసటి సంవత్సరం హిప్పోను ముట్టడించారు. ముట్టడి మూడవ నెలలో అగస్టీన్ జ్వరంతో పడకబట్టాడు. పశ్చాత్తాప కీర్తనలను పెద్ద అక్షరాలలో వ్రాయించి గోడకు తగిలించి, పడక నుండి చదువుకొంటూ విలపించేవాడు. ఆఖరి పది రోజులు వైద్యులు, భోజనం తెచ్చేవారు తప్ప ఇతరులెవరూ రావద్దని కోరాడు. 430 ఆగష్టు 28న మరణించాడు. ఆస్తి లేదు కనుక వీలునామా వ్రాయలేదు. సంఘ గ్రంథాలయాన్ని జాగ్రత్తపరచమని మాత్రం చెప్పాడు. అతని రచనలలో అధిక భాగం నేటికి నిలిచి ఉండటానికి అదే కారణం.

529లో ఫ్రాన్సు దేశంలోని ఆరంజ్ సభ కృపను గూర్చిన అతని బోధను చాలావరకు ఆమోదించింది. పదహారవ శతాబ్దంలో అగస్టీన్ పేరిట గల మఠంలో సన్యాసిగా ఉన్న మార్టిన్ లూథర్, బాప్తిస్మం తరువాత కూడా మనిషిలో మిగిలే మోహం నిజంగా పాపమేనని వాదించాడు. 1546లో ట్రెంట్ సభ అది పాపం నుండి పుట్టి పాపానికి ప్రేరేపించేదే గాని స్వయంగా పాపం కాదని నిర్ణయించింది. రెండు పక్షాలూ అగస్టీన్‌నే ప్రమాణంగా చూపాయి. ఇరవయ్యవ శతాబ్దంలో పీటర్ బ్రౌన్ 1967లో ప్రచురించిన జీవిత చరిత్ర ప్రామాణికమైనదిగా పేరుపొందింది. ఎలైన్ పేగెల్స్ 1988లో ప్రచురించిన గ్రంథంలో జూలియన్ వాదనకు తగిన న్యాయం జరగలేదని వాదించింది. 1981లో యోహానెస్ దివ్యాక్ వెలువరించిన క్రొత్త ఉత్తరాలలో, కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు అట్టికస్‌కు వ్రాసిన లేఖ ఒకటి ఉన్నది. అందులో దాంపత్యానికి తగిన కోరిక వేరు, అదుపులేని శరీర మోహం వేరు అని అగస్టీన్ విడదీసి చెప్పాడు.

అగస్టీన్ అవశేషాలను మొదట సార్డీనియా ద్వీపానికి, ఎనిమిదవ శతాబ్దంలో అక్కడి నుండి ఇటలీలోని పావియా నగరానికి తరలించారు. అక్కడి సాన్ పియెత్రో ఇన్ చియెల్ దోరో ఆలయంలో అవి ఉన్నాయి. పశ్చిమ సంఘాలలో ఆగష్టు 28న అతని పండుగ, అంతకు ముందు రోజు కాథలిక్ సంఘంలో మోనికా పండుగ జరుపుతారు. 2025 మే 8న పోపుగా ఎన్నికైన 14వ లియో అగస్టీన్ పేరిట గల సన్యాస సంఘానికి చెందినవాడు.